కొట్టంలో కరెంటు తీగలు

1902వ సంవత్సరంలో కావేరి నది మీది శివనసముద్రం నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు వచ్చింది. దూరం దాదాపు 147 కిలోమీటర్లు. ఆ కాలానికి అది చాలా పెద్ద పని. ఆ తీగలకు పైన తొడుగు లేదు. నేటికీ పొలాల మీదుగా పోయే పెద్ద లైన్లు ఒట్టి తీగలే. చేతికందని ఎత్తే అక్కడ మనకు రక్షణ.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అప్పట్లో కోలారు జిల్లాలోనివే. 2007లో కొత్త జిల్లాలో చేరాయి. ఇక్కడి ఊళ్ళలో చాలా ఇళ్ళకు ఆనుకొని ఒక రేకుల కొట్టం ఉంటుంది. అందులో మోటారు సైకిలు, రాగుల మూటలు, పశువుల దాణా, పట్టుపురుగుల చంద్రికలు అన్నీ చేరతాయి. ఇంట్లో తీగలు గోడలో దాగి ఉంటాయి. కొట్టంలో మాత్రం మేకుకు చుట్టి, చేతికందే ఎత్తులో వేలాడదీస్తారు. ఎత్తు లేనిచోట తొడుగైనా ఉండాలి కదా!

తీగ మీది ప్లాస్టిక్ పొరే చాలునని కొందరనుకుంటారు. ఆ పొర పలుచనిది. రేకుల వేడికి ఏళ్ళ తరబడి ఎండి పగులుతుంది. ఎలుకలు కొరుకుతాయి. మూట ఎత్తేటప్పుడో, బండి తిప్పేటప్పుడో ఒరుసుకుంటుంది. పొర చిరిగిన తీగ ఇనుప దూలానికి తగిలితే కొట్టమంతా కరెంటు పాకవచ్చు. ఆ దూలానికి కట్టిన ఇనుప దండెం మీద తడిబట్ట ఆరవేసేవారికి ఆ సంగతి తెలియదు.

"ఫ్యూజు ఉంది కదా!" అంటారా? ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించి కరెంటు పోతేనే కరుగుతుంది. మనిషి ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్లు కూడా అపాయమే. ఆంపియరులో వెయ్యో వంతు ఒక మిల్లీ ఆంపియరు. 60 వాట్ల బల్బు 230 వోల్టుల వద్ద సుమారు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే, ఒక బల్బు వెలగడానికి చాలినంత కరెంటు మనిషిని చంపడానికి అంతకంటే ఎక్కువగానే చాలుతుంది. ఫ్యూజు మాత్రం కదలదు.

ఇందుకోసమే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చు వచ్చింది. ఉదయం దొడ్డి నుండి వెళ్ళిన గొర్రెలన్నీ సాయంత్రం తిరిగి వచ్చాయా అని కాపరి లెక్క చూస్తాడు. ఇదీ అంతే. ఒక తీగలో పోయిన కరెంటు రెండో తీగలో పూర్తిగా తిరిగి రావాలి. మనిషి గుండా నేలలోకి కొంత జారితే లెక్క తప్పుతుంది. ఇళ్ళలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే, రెప్పపాటులో కరెంటు ఆపుతుంది. అయితే ఒకే మనిషి రెండు తీగలనూ పట్టుకుంటే దీని లెక్క సరిపోయినట్లే ఉంటుంది, ఇది ఆపదు. కాబట్టి మొదట తీగలు చేతికి తగలకుండా చేయాలి.

దానికి తగినది ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న విద్యుత్ పైపు. తోటలో మిగిలిన నీళ్ళ పైపు పనికిరాదు. విద్యుత్ పైపును నిప్పు తగిలినా మంట సాగకుండా ఉండేలా చేస్తారు. పైపును గోడకు బిగించాలి. దాన్ని తీగలతో కుక్కకూడదు; వేడి పోవడానికి చోటు ఉండాలి. తీగల అతుకులు పైపులో కాక, మూత ఉన్న పెట్టెలోనే ఉండాలి. ట్రాక్టరు తగిలేచోట ఇనుప పైపు మేలు. దానికి ఎర్తు తీగ తప్పనిసరి. పట్టుపురుగుల షెడ్డును తరచుగా కడుగుతారు కాబట్టి అక్కడ స్విచ్చులు నీళ్ళు చిమ్మనంత ఎత్తులో ఉండాలి.

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్చు ఆపి చేయాలి. మీరు తీగలను ముట్టవద్దు. చిరిగిన తీగ కనబడితే పెద్దలకు చెప్పండి. ఆర్.సి.సి.బి. మీద ఒక చిన్న మీట ఉంటుంది. అప్పుడప్పుడు దాన్ని పెద్దల చేత నొక్కించండి. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఆ స్విచ్చు చెడిపోయిందన్నమాట, వెంటనే మార్పించాలి.