నిఘంటువులో అడవి, దస్త్రంలో బంజరు: ప్రాచీన వనాల గుర్తింపు – తెలుగు ఆధారాలు

1980 నాటి అటవీ సంరక్షణ చట్టంలో 'అడవి' అన్న మాటకు నిర్వచనం లేదు. ఆ మాటను నిఘంటువు చెప్పే అర్థంలోనే గ్రహించాలనీ, యాజమాన్యం ఎవరిదైనా చట్టం వర్తిస్తుందనీ గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఒక పదం అర్థవ్యాప్తిపై ఇంత నేల భవితవ్యం ఆధారపడటం అరుదు.

2023 సవరణ ఆ వ్యాప్తిని కుదించింది. చట్టప్రకారం అడవిగా ప్రకటించినవి, 1980 అక్టోబరు 25 నుంచి ప్రభుత్వ దస్త్రాల్లో అడవిగా నమోదైనవి మాత్రమే దాని పరిధిలో మిగిలాయి. గుర్తింపు ప్రక్రియ ముగిసేవరకు నిఘంటువు అర్థాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

దస్త్రానికీ నేలకూ మధ్య ఉన్న దూరం తెలంగాణలోని 'కంచ' అన్న మాటలో స్పష్టంగా కనిపిస్తుంది. పశువుల మేతకు వదిలిన నేల కంచ. బండరాళ్లు, పొదలు, పొట్టి చెట్లు ఉన్న ఈ నేలలు దట్టమైన అరణ్యాన్ని తలపించవు. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో ప్రభుత్వం వినిపించిన ప్రధాన వాదన, అది దస్త్రాల్లో అటవీభూమి కాదన్నదే. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపేనాటికి సుమారు 100 ఎకరాలు చదునయ్యాయి.

గణాంకాలదీ ఇదే చిక్కు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో చెట్ల కొమ్మల నీడ 10 శాతం మించితే అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది. ఆ లెక్కలో మామిడితోట కూడా చేరుతుంది. తెలుగులో 'వనం' అడవికీ తోటకూ చెల్లినట్టే! పాత అడవి పోయి మరోచోట నీలగిరి తోట పెరిగితే మొత్తం అంకె మారకపోవచ్చు.

ఇంగ్లండులో వయస్సే ప్రమాణం. 1600 నుంచి ఎడతెగక ఉన్న అడవిని అక్కడ ప్రాచీన వనంగా గుర్తిస్తారు. స్కాట్లండుకు ఆ హద్దు 1750. అంతకుముందు చెట్లు నాటే అలవాటు తక్కువ కనుక, అప్పటికే ఉన్నది సహజంగా పెరిగినదై ఉంటుందన్నది ఇందులోని తర్కం. 1981లో మొదలైన వీటి జాబితాకు పాత పటాలు ముఖ్యాధారం. ఆలివర్ రాకమ్ వంటి పరిశోధకులు ఎస్టేటు పత్రాలను, స్థలనామాలను కూడా ఇందుకు వినియోగించారు.

తెలుగు పరిశోధకులకు పని మిగిలి ఉన్నది ఇక్కడే. మెకంజీ కైఫీయతుల్లో అడవి కొట్టించి ఊరు కట్టించిన వృత్తాంతాలు తరచుగా కనిపిస్తాయి. కర్నూలు ప్రాంతంలో పలు గ్రామాల స్థాపనను ప్రతాపరుద్రుని కాలానికి ముడిపెట్టారు. కైఫీయతులు అడవి నరకడాన్ని ఘనకార్యంగానే చెబుతాయి. కనుక వాటిని తిరగేసి చదవాలి. ఏ ఊరు ఏ అడవిని కొట్టి వెలసిందో తేలితే, ఆ ఊరి పొలిమేర అవతల మిగిలినదాని వయస్సును అంచనా వేసే దారి దొరుకుతుంది. అయితే అవి 19వ శతాబ్ది ఆరంభం నాటి సంకలనాలు. ప్రతాపరుద్రుని ప్రస్తావన ఆ ఊళ్లు తమకు తాము చెప్పుకున్న ప్రాచీనతే కావచ్చు. శాసనాలతో సరిచూడనిదే దాన్ని కాలనిర్ణయంగా తీసుకోలేం. మద్దిపాడు, ఇప్పగూడెం వంటి ఊరిపేర్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఊరికి ఆ పేరు రావడానికి ఒక్క మద్దిచెట్టు చాలు.