ఫైటేజ్: తవుడులో దొరికి దాణాలోకి చేరిన ఎంజైమ్

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప రైతు దుక్కిలో కోళ్ల ఎరువు తోలించుకుంటాడు. అందులో ఉండే భాస్వరంలో చాలా భాగం కోడికి అరగక బయటపడిందే. ఆ కోడిని పెంచినవాళ్లు మాత్రం దాని ఎముకలకు భాస్వరం చాలదని దాణాలో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కొని కలిపారు. గింజలో ఉన్నదాన్నే మళ్లీ డబ్బు పెట్టి కొనాల్సి వచ్చిందన్నమాట. ఆ ఖర్చు తగ్గించడానికి వచ్చిందే ఫైటేజ్.

తెనాలి వైపు వరి కోసిన మాగాణిలో దున్నకుండా వేసే మొక్కజొన్న కానీ, సోయాచెక్క కానీ, తవుడు కానీ, వాటి భాస్వరంలో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. అంటే ఒక్కో అణువులో ఆరేసి ఫాస్ఫేట్లు అతుక్కుని ఉంటాయి. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే తన ఎంజైమ్‌తో వాటిని విడదీసుకుంటుంది. గేదెకు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. కోడికి ఆ వసతి బహు తక్కువ. భాస్వరం చాలని కోడిపిల్ల ముక్కు వేలితో నొక్కితే వంగుతుంది. కాళ్లు నిలవక మేత తొట్టి దాకా కూడా వెళ్లలేదు.

జపాన్‌లో ఉమెతారో సుజుకి బృందం 1907లో ఈ ఎంజైమ్‌ను కనుక్కున్నది తవుడులోనే. మూడేళ్లకు ఆయన అదే తవుడు నుంచి, ఇప్పుడు మనం బీ1 విటమిన్ అంటున్న పదార్థాన్నీ తీశాడు. అయినా ఫైటేజ్ దాణాలోకి రావడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1960లలో అమెరికాలోని ఒక కంపెనీ పరిశోధకులు రెండు వేలకు పైగా సూక్ష్మజీవులను పరీక్షించి ఆస్పర్జిల్లస్ అనే బూజును ఎంచుకున్నారు. ఆ కంపెనీ వ్యాపారం ఫాస్ఫేట్ ఎరువులు! భాస్వరం అమ్మేవాళ్లే దాని వాడకాన్ని తగ్గించే దారి వెతకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1971లో నెల్సన్ అనే పరిశోధకుడి బృందం ఆ బూజు ఎంజైమ్‌ను కోడిపిల్లలకు పెట్టి, ఫైటేట్‌లోని భాస్వరం వాటికి అందుతోందని చూపింది. కానీ తయారీ ఖర్చు దగ్గర పని ఆగిపోయింది.

దాన్ని కదిలించింది నెదర్లాండ్స్. పశువుల పేడలోని భాస్వరం నీళ్లలో కలిసి కాలుష్యం పెరగడంతో అక్కడి ప్రభుత్వం కట్టడి పెట్టింది. జన్యుమార్పిడితో బూజు చేత ఎంజైమ్‌ను ఎక్కువగా తయారుచేయించడం అప్పటికి సాధ్యమైంది. 1991లో ఫైటేజ్ బజారుకు వచ్చింది. 2008లో ఫాస్ఫేట్ ధరలు మండిపోయాక దాణా మిల్లులు దాని విలువ గట్టిగా గుర్తించాయి. రాక్ ఫాస్ఫేట్‌ను చాలావరకు దిగుమతి చేసుకునే మన దేశానికి ఇది చిన్న సంగతి కాదు.

గ్రాముకు 5000 యూనిట్ల పొడి అయితే టన్ను దాణాకు 100 గ్రాములు చాలు. దాన్ని నేరుగా మిక్సర్‌లో పోస్తే సమంగా కలవదు. ముందు కొద్ది కిలోల మొక్కజొన్న పిండిలో కలపాలి. గుళికల దాణాకైతే ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేడికి తట్టుకునే రకమే కొనాలి. మేత కందనకాయ దాటేలోపే, అక్కడి ఆమ్లంలోనే, ఎంజైమ్ ఎక్కువ పని ముగిస్తుంది.

పత్తిచెక్క వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అందులోని గాసిపాల్ విషానికి ఫైటేజ్ విరుగుడు కాదు. పీచుకు వేరే ఎంజైమ్‌లు కావాలి. అసలు నష్టం మాత్రం ఇంకోచోట ఉంది. ఫైటేజ్ కలిపాక డీసీపీని టన్నుకు అయిదారు కిలోలు తగ్గించుకోవచ్చు. తగ్గించకపోతే పెట్టిన డబ్బంతా వృథా, మిగులు భాస్వరం కోళ్ల కింద పరిచే లిట్టర్‌లోకే పోతుంది. సున్నపురాయి పొడిని కూడా లెక్కగా వేయాలి; కాల్షియం మితిమీరితే ఫైటేట్‌ను పట్టేసి ఎంజైమ్‌కు అందనివ్వదు.