వారంటీ 3 ఏళ్లు... బండి 15 ఏళ్లు!

కొండలెక్కే కొత్త బండ్లలో కంప్యూటర్లు పెరిగాయి. సుఖమూ పెరిగింది. మరి నడిదారిలో మొరాయిస్తే బాగుచేసేదెవరు?

డిసెంబరు వచ్చిందంటే చాలు... శని, ఆదివారాల్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డు మీద ఫోర్‌ బై ఫోర్ బండ్లు బారులు తీరతాయి. పెద్ద టైర్లు, లోపల టచ్ స్క్రీను, ఇసుకకీ బురదకీ రాళ్లకీ వేర్వేరు మోడ్లు. అదే దారిలో సంతకి జనాన్ని, మూటల్ని వేసుకుని పాత జీపు ఒకటి ఎదురొస్తుంది. దాంట్లో హారన్ తప్ప అన్నీ మోగుతుంటాయి. అయినా కొండ ఎక్కుతుంది, దిగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లుగా అదే పని!

ఇప్పుడు లక్షలు పోసి కొంటున్న కొత్త బండి కూడా అన్నేళ్లు బతుకుతుందా? ఇక్కడే ఓ చిన్న లెక్క ఉంది. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. కంపెనీ ఇచ్చే వారంటీ సాధారణంగా 3 ఏళ్లు. మిగిలిన 12 ఏళ్లు బండి బాగోగులు చూసేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

పాత జీపు రహస్యం

రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో పుట్టిన విల్లీస్ జీపు 1947లో మహీంద్రా ద్వారా మన దేశానికొచ్చింది. అది గొప్ప యంత్రం కావడం వల్ల బతకలేదు. ఎవరైనా విప్పగలిగే యంత్రం కావడం వల్ల బతికింది. పాత డీజిల్ ఇంజన్లో పంపు మెకానికల్. బ్యాటరీ చచ్చినా నలుగురు కలిసి తోస్తే స్టార్టయ్యేది. స్పేరు దొరక్కపోతే లేత్ మిషను మీద చేయించుకునేవాళ్లు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీని మన సైన్యం అన్నేళ్లు వాడిందన్నా, 1984లో వచ్చిన టయోటా ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్‌ని ఆఫ్రికాలో సహాయ సంస్థలు ఇప్పటికీ వాడుతున్నాయన్నా కారణం అదే. అవి చెడిపోవని కాదు, చెడిపోయిన చోటే బాగవుతాయని.

కంప్యూటర్ ఎందుకొచ్చింది?

కొత్త బండ్లలో ఇన్ని సెన్సర్లు కంపెనీల సరదా కొద్దీ వచ్చినవేం కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 నిబంధనలు అమల్లోకొచ్చాయి. డీజిల్ పొగలో మసి తగ్గాలంటే సైలెన్సర్ దారిలో ఓ ఫిల్టర్ ఉండాలి. దాన్నే డీపీఎఫ్ అంటారు. మసిని పట్టుకుని, నిండాక సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర కాల్చేస్తుంది. అంత వేడి రావాలంటే బండి కొంతసేపు హైవే మీద ఒకే వేగంతో పరిగెత్తాలి. కానీ ఘాట్లో, బురదలో, ఊళ్లో ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిచే బండికి ఆ అవకాశమేది? ఫిల్టర్ నిండుతుంది, లైటు వెలుగుతుంది, చివరికి ఇంజను శక్తిని తగ్గించేసుకుంటుంది. అంటే, కొండలెక్కడానికి కొన్న బండికి కొండ వాడకమే సరిపడదు!

కొన్ని డీజిల్ బండ్లకి యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం కూడా పోయాలి. అది పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ స్టార్ట్ కాదు. పైగా మైనస్ 11 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. చలికాలంలో లద్దాఖ్ వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఇక కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ 2000 బార్ల దాకా ఒత్తిడితో చిమ్ముతుంది. డ్రమ్ములో నిల్వపెట్టి అమ్మే డీజిల్లో చుక్క నీరున్నా ఇంజెక్టర్లకి ప్రమాదమే. ఎయిర్ సస్పెన్షన్లో రబ్బరు సంచులు వయసు మీద పడితే పగుళ్లిస్తాయి. గాలి కారుతుంటే కంప్రెసర్ విశ్రాంతి లేకుండా తిరిగి అదీ కాలిపోతుంది. వాగు దాటాక కనెక్టర్లలో చేరిన తడి, తుప్పుగా మారి నెలల తర్వాత బయటపడుతుంది. ఎలకలు వైర్లు కొరికితే సరేసరి!

“ఆ డబ్బా ఒప్పుకోవాలి కదా!”

పోయిన వానాకాలం చింతపల్లి నుంచి దిగుతుంటే నా డీజిల్ బండిలో ఇంజన్ లైటు వెలిగింది. ఆరేళ్ల బండి, సర్వీసులన్నీ వేళకి చేయించినదే. పికప్ పూర్తిగా పడిపోయింది. ఎలాగోలా నర్సీపట్నం చేర్చాను. అక్కడో పెద్ద మెకానిక్ చిన్న స్కానర్ పెట్టి చూసి, డీపీఎఫ్ దగ్గర ఒత్తిడి కొలిచే సెన్సర్ పోయిందని పది నిమిషాల్లో తేల్చేశారు. మార్చడానికి రెండు బోల్టులు, ఒక ప్లగ్గు... అంతే పని.

“మార్చేయండి మరి” అన్నాను.

“రోగం నాకు తెలుసు బాబూ, మందూ తెలుసు. కానీ కొత్త సెన్సర్ని లోపలున్న ఆ డబ్బా ఒప్పుకోవాలి కదా! దాని తాళం కంపెనీవాళ్ల దగ్గరుంది” అన్నారాయన.

ఆ సాఫ్ట్‌వేర్ కోసం బండిని క్రేన్ మీద విశాఖపట్నం తీసుకెళ్లాల్సి వచ్చింది. నాలుగు రోజులు పట్టింది. సెన్సర్ ఖరీదుకంటే క్రేన్ ఖర్చే ఎక్కువైంది.

నాకు పోయింది నాలుగు రోజుల సెలవు, కొంత డబ్బు. అదే సర్వీసు బండి నడుపుకుని బతికేవాడికైతే నాలుగు రోజుల కూడు. ఇప్పటికీ డోలీ మోతలు తప్పని అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పురుటి నొప్పులతో ఉన్న ఆడకూతురు ఆ బండిలో ఉంటే? పాడేరు నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. అలాంటి చోట రిపేరు ఎంత దూరంలో జరుగుతుందన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

అలాగని పాతదే బంగారమా?

కాదు. పాత జీపుకి ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. నిటారు దిగుడులో బండిని తనంతట తానే పట్టి ఉంచే హిల్ డిసెంట్ కంట్రోల్ ఎన్నో ప్రమాదాల్ని తప్పిస్తుంది. ఎత్తైన కనుమల్లో గాలి పలచబడితే కార్బ్యురేటర్ బండి ఆయాసపడుతుంది, కంప్యూటర్ ఉన్న బండి ఇంధనాన్ని తానే సర్దుకుంటుంది. లోపం ఎక్కడుందో కోడ్ రూపంలో చెప్పేదీ ఆ కంప్యూటరే.

పేరున్న కంపెనీ అయితే చాలనుకోవడానికీ లేదు. తయారీలో మిగిలిన లోహపు తునకలు ఇంజన్లో ఉండిపోయాయని 2024లో టయోటా, అమెరికాలో లక్షకు పైగా టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ బండ్లని వెనక్కి పిలిచింది. వాటికి ఇంజన్లే మార్చాల్సి వచ్చింది. తప్పు కంప్యూటర్‌ది కాదు, ఫ్యాక్టరీలో శుభ్రం చేయడంలో జరిగింది. కాబట్టి ‘కంప్యూటర్ ఉందా లేదా’ అన్నది కాదు, ‘చెడితే ఎవరు విప్పగలరు’ అన్నదే చూసుకోవాలి.

తాళం ఎవరి దగ్గర?

ఈ గొడవ కొత్తదేం కాదు. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వ్యవహారం అప్పీళ్ల దాకా వెళ్లింది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసి, వాహనాలనీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఓ పోర్టల్ కూడా మొదలైంది. కానీ ఘాట్ కింద షెడ్డులో ఉన్న మెకానిక్ చేతికి ఆ తాళం అందినప్పుడే ఇదంతా ఫలించినట్టు.

కొనేముందు ఇవి అడగండి

* స్పేర్ పార్టులు కౌంటర్లో విడిగా అమ్ముతారా? మీ ఊరి మెకానిక్ కొనుక్కోగలడా?

* ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఇంజెక్టర్లు, టర్బో, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్లు ఉన్నాయా? నోటిమాట కాదు, కాగితం మీద చూడండి.

* మీ తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనే అయితే డీజిల్ గురించి రెండోసారి ఆలోచించండి. 2023లో వచ్చిన జిమ్నీలా టర్బో లేని పెట్రోల్ ఇంజను, చేత్తో వేసే ఫోర్‌ వీల్ లివర్ ఉన్న బండ్లు కూడా ఉన్నాయి.

* డీపీఎఫ్ లైటు వెలిగితే పట్టించుకోకుండా తిరగొద్దు. మాన్యువల్లో చెప్పినట్టు హైవే మీద నడపండి.

* సెకండ్ హ్యాండ్ అయితే స్కానింగ్ చేయించందే అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రి ఆపినప్పుడు ఎత్తు కొలిచి, పొద్దున్నే మళ్లీ కొలవండి. ఒక మూల కుంగితే గాలి పోతున్నట్టే.

* లోతైన నీళ్లలో దిగొస్తే యాక్సిల్, గేర్ ఆయిల్ చూపించండి. పాలలా తెల్లబడితే వెంటనే మార్చాలి.

షోరూములో బండి చూపిస్తూ స్క్రీన్ ఎన్ని అంగుళాలో, సన్‌రూఫ్ ఎంత పెద్దదో చెబుతారు. అంతా విన్నాక ఒక్క మాట అడగండి... “పదో ఏట ఈ బండి ఆగిపోతే, నేనున్న చోట దీన్ని ఎవరు బాగుచేస్తారు?” సూటిగా జవాబొస్తే, అప్పుడు టెస్ట్ డ్రైవ్ తాళాలు తీసుకోండి.