ఇంటి దారి మరువని తేనెటీగ

ప్రొద్దుతిరుగుడు చేను పూతకు వచ్చిన రోజులలో ఉదయము పూట గట్టు మీద కాసేపు నిలబడితే తేనెటీగల రొద వినబడుతుంది. ఒక్కొక్క ఈగ పువ్వు మీద వాలి, కాళ్లకు పుప్పొడి నింపుకొని, లేచి సూటిగా ఎటో వెళ్లిపోతుంది. ఎక్కడో చెట్టు తొర్రలో ఉన్న తన గూటికి చేరి, బరువు దించుకొని, మళ్లీ అదే చేనికి వస్తుంది. దారి చూపేవారెవరూ లేరు. దాని మెదడు ఆవగింజంతైనా ఉండదు. అందులోని నాడీకణములు పది లక్షల లోపే. మన మెదడులోనివి సుమారు 8,600 కోట్లు! ఇంత చిన్న ప్రాణి ఏమి చూస్తుంది? ఏమి నేర్చుకుంటుంది? ఈ సంగతి పిల్లలతో కలిసి చదువుకొనదగినది.

నీలి అట్టముక్క

ఇరవయ్యవ శతాబ్దపు తొలి రోజులలో జర్మనీలో కార్ల్ ఫాన్ హెస్ అనే పేరుగాంచిన కంటి వైద్యుడు తేనెటీగలకు రంగులు తెలియవని వాదించారు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే యువకుడు ఆ మాట ఒప్పుకోలేదు. రంగులు తెలియని ఈగల కోసము పువ్వులకు ఇన్ని రంగులెందుకు అని ఆయన ప్రశ్న.

ఆయన చేసిన పరీక్ష మన పిల్లలకు కూడా అర్థమవుతుంది. బల్ల మీద ఒక నీలి అట్టముక్క, దాని చుట్టూ లేతవి మొదలుకొని ముదురువి వరకు అనేక బూడిదరంగు ముక్కలు పరిచారు. నీలి ముక్క మీది గిన్నెలో మాత్రమే పంచదార నీళ్లు పోశారు. ఈగలు మరిగిన తరువాత, అట్టముక్కల చోట్లు మార్చి, ఖాళీ గిన్నె పెట్టారు. ఈగలు నేరుగా నీలి ముక్క మీదికే వచ్చాయి. వాటికి రంగు తెలియకపోతే అంతే ముదురుగా ఉన్న ఏదో ఒక బూడిదరంగు ముక్కతో పొరబడి ఉండేవి గదా! ఎరుపు ముక్కను మాత్రము అవి నలుపుతో పొరబడ్డాయి. ఎరుపు వాటికి తెలియదు. దానికి బదులు మనకు కనబడని అతినీలలోహిత కాంతి వాటికి కనబడుతుంది. మనకు అంతా ఒకే పసుపుగా తోచే ప్రొద్దుతిరుగుడు రేకు, వాటి కంటికి మొదట ఒక తీరుగా, కొనన ఒక తీరుగా ఉంటుంది. ఫ్రిష్ గారికి 1973లో నోబెల్ బహుమతి లభించింది.

అదే, వేరు

రంగు గుర్తుపట్టుట ఒక ఎత్తు. ఆలోచన పట్టుకొనుట మరొక ఎత్తు. బెంగుళూరులో చదివి, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పనిచేసిన మన దేశస్థుడు శ్రీనివాసన్ గారు, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి 2001లో ఒక విశేషమును ప్రకటించారు. రెండుగా చీలే దారి ఒకటి కట్టారు. వాకిట నీలిరంగు చూచిన ఈగ, లోపల నీలిరంగు ఉన్న వైపు తిరిగితే పంచదార దొరుకుతుంది. పసుపు చూస్తే పసుపు వైపు. ఈ పాఠము వచ్చిన తరువాత రంగులు తీసివేసి, అవి ఎన్నడూ చూడని నిలువు చారలు, అడ్డచారలు పెట్టారు. వాకిట నిలువు చారలు చూచిన ఈగలలో ఎక్కువ భాగము లోపల నిలువు చారల వైపే తిరిగాయి! అనగా అవి నేర్చినది రంగును కాదు, "మొదట చూచినదానినే వెదకు" అనే నియమమును. 2018లో మరికొందరు, తక్కువ బొమ్మలున్న కాగితమును ఎంచుకొనుట నేర్చిన ఈగలు, ఏమీ లేని ఖాళీ కాగితమును అన్నిటికంటె తక్కువదిగా ఎంచుకుంటాయని చూపారు.

వెనుదిరిగి చూచే చూపు

గూటిలోని పనులు ముగించుకొని మొదటిసారి బయటికి వచ్చే పడుచు ఈగ వెంటనే మేతకు పోదు. వాకిలి దాటగానే వెనుకకు తిరిగి, గూటికి ముఖము పెట్టి, అటూ ఇటూ ఊగుతూ ఎగురుతుంది. క్రమముగా పెద్ద పెద్ద చుట్లు తిరుగుతూ చెట్టును, బండను, చుట్టుపక్కల గుర్తులను మనసున నిలుపుకుంటుంది. పెట్టెలలో తేనెటీగలను పెంచేవారికి ఈ సంగతి బాగా తెలుసు. పెట్టెను పగటివేళ నాలుగు గజాలు పక్కకు జరిపితే, మేత నుండి వచ్చిన ఈగలు పాత చోటనే మూగి తిరుగుతాయి. పక్కపక్కన ఉన్న పెట్టెలకు నీలము, పసుపు, తెలుపు రంగులు వేరువేరుగా వేస్తే తమ ఇల్లు తాము గుర్తుపట్టుట వాటికి సులువు.

దారి తప్పించే మందు

ఇంత నేర్చిన ఈగను మనమే దారి తప్పిస్తున్నామా? 2012లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు థయామెథాక్సామ్ అనే పురుగుమందును, ఈగను చంపనంత స్వల్ప మోతాదులో ఇచ్చి, వీపున చిన్న గుర్తు అంటించి విడిచిపెట్టారు. మందు తగలని ఈగలతో పోల్చితే, వీటిలో చాలా ఎక్కువ తిరిగి గూటికి చేరలేదు. ప్రాణము తీయని మోతాదే దారిని మరిపించింది. 2018లో యూరోపియన్ యూనియన్ ఈ మందును, ఇమిడాక్లోప్రిడ్, క్లోథయానిడిన్ అనే మరి రెండింటిని ఆరుబయట పొలాలలో వాడరాదని నిషేధించింది. రసము పీల్చే పురుగుల కోసము మన పత్తి చేలలో ఈ జాతి మందులు కొడుతూనే ఉన్నాము.

మందు కొట్టిన మరునాడు చేను మూగబోవుట మనలో అనేకులము చూచినదే. ఈగలు రాని ప్రొద్దుతిరుగుడు పువ్వులో గింజ సరిగా కట్టదు, తాలు మిగులుతుంది. నష్టము ఈగకు మాత్రమే కాదు, మన గాదెకు కూడా.

పురుగు ఉధృతిని చూడకుండ అలవాటుగా మందు కొట్టవద్దు. పూత మీద ఉన్నప్పుడు వీలైనంతవరకు మానవలెను. తప్పనిసరియైతే, ఈగలు గూటికి చేరిన తరువాత సాయంకాలము కొట్టవలెను. దగ్గరలో పెట్టెలు పెట్టుకొన్నవారుంటే ముందు రోజే కబురు చేయవలెను. తేనె కోసము పట్టుకు నిప్పుపెట్టి ఈగలను మాడ్చవద్దు.

రేపు ఉదయము పిల్లలను చేని గట్టుకు తీసుకొని వెళ్లండి. దూరముగా నిలబడి ఒక్క ఈగను చూపించండి. అది పొద్దుగూకేలోగా ఇల్లు చేరవలసిన ప్రాణి అని చెప్పండి. ఇంటి దారి మరువకుండుట దాని వంతు. ఆ దారిని విషము చేయకుండుట మన వంతు.