చిరిగింది తోలే.. సీటు కాదు!

కూచిపూడి: తోలు అరిగితే మార్చుకోవడం కూచిపూడికి కొత్త కాదు. మృదంగం మూత పగిలితే మృదంగాన్ని పారేయరు, కొత్త మూత బిగించుకుంటారు. గజ్జెల పట్టీ తోలు పిగిలితే మువ్వలు విప్పి మరో పట్టీకి కుట్టించుకుంటారు. కొయ్య అదే, మువ్వలు అవే, మారేది తోలే. కారు సీటు చిరిగితే మాత్రం పైన తువ్వాలు పరిచి సరిపెట్టుకోవడం, లేదా మొత్తం సీట్లకు కొత్త తొడుగులు కొనేయడం మామూలైపోయింది. నిజానికి ఈ రెండూ అక్కర్లేదు. చాలాసార్లు ఒక్క ముక్క మారిస్తే సరిపోతుంది.

సీటంతా ఒకేసారి అరగదు. డ్రైవరు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రాచుకునే తలుపు వైపు అంచు ముందుగా తెల్లబడుతుంది. తర్వాత పగుళ్లిస్తుంది, ఆపైన నోరు తెరుస్తుంది. చేతి చెమట తగిలే స్టీరింగు చక్రం, గేరు పిడి, మోచెయ్యి ఆనించే తలుపు పట్టీ దాని వెంటే వస్తాయి. వెనుక సీటు ఎన్నేళ్లయినా కొత్తగానే కనిపిస్తుంది. రోహిణీ కార్తె ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో తోలు ఎండి పెళుసెక్కుతుంది. వానాకాలంలో అదే తోలుకు బూజు పడుతుంది. డెల్టా వాతావరణంలో ఈ రెండు బాధలూ తప్పవు.

బందరు రోడ్డు చివర

కూచిపూడి నుంచి పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బందరు రోడ్డున వెళితే విజయవాడ ఊరి నడిబొడ్డుకు చేరకముందే ఆటోనగర్ తగులుతుంది. లారీ బాడీలు కట్టడం మొదలు సీట్లు కుట్టడం దాకా బండికి సంబంధించిన పనులన్నీ అక్కడ జరుగుతాయి. ఒకప్పుడు పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు జనాన్ని చేరవేసిన అంబాసిడర్ కార్ల సీట్లకు ఇలా ఎన్నోసార్లు తొడుగులు మారాయి. 1957లో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. దాని సీటు కుట్టడం తేలిక. బల్లలాంటి సీటు, తిన్నని కుట్లు. ఇప్పటి కార్ల సీటు అలా కాదు. ఒక్కో సీటుకు వంపులు తిరిగిన ముక్కలు చాలా ఉంటాయి. అందుకే కొలత తెలిసిన చెయ్యి కావాలి.

తోలా, రెక్సినా?

బేరమాడే ముందు తేల్చుకోవలసింది ఇదే. రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులోని ఒక కంపెనీ పేరు. గుడ్డకు పూత వేసి తోలులా కనిపించేట్టు చేసేవారు. ఇప్పుడు మన దగ్గర ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డనంతా రెక్సిన్ అనే పిలుస్తున్నారు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వాసన చూసి మోసపోవచ్చు, ఎందుకంటే వాసన కూడా కలుపుతారు. వెనక్కి తిప్పి చూడాలి. అల్లిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్, నూగులాంటి పీచు కనిపిస్తే తోలు. రెక్సిన్ మీటర్ల లెక్కన చుట్టలుగా దొరుకుతుంది. తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. పశువు ఒంటి ఆకారంలో ఉంటుంది కనుక కత్తిరింపులో కొంత వృథా పోతుంది. ఒక కారు సీట్లన్నిటికీ ఒక తోలు చాలదు. ఖరీదులో తేడా అక్కడే వస్తుంది.

చెప్పులు కుట్టే తోలు చవకగా వస్తుంది కదా అని సీటుకు వేయించకూడదు. తంగేడు చెక్కతో పదును చేసిన ఆ తోలు మందంగా, బిరుసుగా ఉంటుంది. వంపుల్లో ఒదగదు, చెమటకు నల్లబడుతుంది. కారు సీటుకు సాధారణంగా క్రోమియం లవణంతో పదును చేసిన మెత్తని తోలు వాడతారు. మందం ఒక మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర లోపే ఉంటుంది. రెక్సిన్ వాడటం తప్పేమీ కాదు. రెక్సిన్ వేసి తోలు ధర తీసుకోవడమే తప్పు.

పని జరిగే తీరు

ముందు సీటు కింది బోల్టులు విప్పి సీటును బయటకు తీస్తారు. తొడుగును పట్టి ఉంచే చిన్న ఇనుప రింగులు కత్తిరించి తొడుగు ఊడదీస్తారు. చిరిగిన ముక్క చుట్టూ కుట్లను బ్లేడుతో విప్పుతారు. ఆ పాత ముక్కే కొత్త ముక్కకు నమూనా. అయితే అది ఏళ్ల తరబడి సాగి ఉంటుంది కనుక పక్క ముక్క కొలతతో సరిచూసి గీత గీస్తారు. లోపలి స్పాంజీ నలిగిపోయి ఉంటే అక్కడ కొత్తది అతికించాల్సిందే. లేకపోతే పైన ఎంత మంచి తోలు వేసినా ముడతలు పడుతుంది.

కుట్టు మరీ దగ్గరగా ఉండకూడదు. తోలులో సూది వేసిన రంధ్రం పూడదు. రంధ్రాలు దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్లల కాగితంలాగా ఆ గీత వెంటే చిరిగిపోతుంది. నూలు దారం చెమటకు చివికిపోతుంది కాబట్టి గట్టి నైలాన్ లేదా పాలియెస్టర్ దారం వాడాలి. చివరగా తొడుగును కాస్త వేడిచేసి, మధ్య నుంచి అంచులకు లాగుతూ బిగిస్తారు. రంగు అచ్చంగా కలవడం కష్టం. అందుకే ఒక వైపు అంచు మార్చినప్పుడు రెండో వైపు కూడా మార్చితే చూపుకు బాగుంటుంది.

దారం మీద ప్రాణం

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. గుద్దుకున్న క్షణంలో ఉబ్బి ప్రాణం కాపాడే గాలి సంచి ఇది. స్టీరింగు చక్రం చుట్టూ తోలు కుట్టించుకోవచ్చు గాని, మధ్యలో ఈ సంచి ఉండే మూత మీద ఏమీ అతికించకూడదు. కొన్ని కార్లలో సీటు పక్క భాగంలోనూ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ఆ విషయం సీటు అంచున చిన్న గుర్తుగా రాసి ఉంటుంది. అక్కడి కుట్టును సంచి ఉబ్బగానే తెగిపోయేట్టు కంపెనీ వాళ్లు ప్రత్యేకంగా వేస్తారు. తెలియక గట్టి దారంతో కుడితే సంచి సమయానికి బయటకు రాదు. పైన తొడిగే మామూలు కవర్లతోనూ ఇదే ప్రమాదం. అలాంటి సీటును కంపెనీ సర్వీసు వారి సలహా లేకుండా విప్పనివ్వకూడదు.

కాపాడుకుంటేనే

కొత్త తోలుకు కొబ్బరి నూనె రాయడం మంచిది కాదు. దుమ్ము పట్టి, వానాకాలంలో జిడ్డుగా మారుతుంది. పెట్రోలు, కిరసనాయిలు పైపూతను తినేస్తాయి. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దితే చాలు. కారును నీడన నిలపాలి. ముసురు పట్టిన రోజుల తర్వాత కాసేపు తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి.

కుట్టుపనికి ఇచ్చే ముందు ఏ ముక్క మారుస్తారో, ఏ సరుకు వేస్తారో, ధర ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. కత్తిరించే ముందే సరుకును వెనక్కి తిప్పి చూడాలి. పని అయ్యాక విప్పిన పాత ముక్కలు అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. మళ్లీ ఎన్నేళ్లకు అవసరమైనా కొలత చేతిలోనే ఉంటుంది.