ఇంటిలో కుందేలు: దాని అల్లరి

కుందేలు అను ఒక్క మాటనే మనము రెండు వేర్వేరు జంతువులకు వాడుచున్నాము. మన చేలగట్లమీదను, చిట్టడవులలోను కానవచ్చునది, పల్లెలలో చెవులపిల్లి యని పిలువబడునది, బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బుల చాటున పండుకొనును. దాని పిల్లలు ఒడలినిండ బొచ్చుతో, కన్నులు తెరచుకొనియే పుట్టును. అది వన్యమృగము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షించు జంతువు గనుక దానిని పట్టి తెచ్చి పెంచరాదు. సంతలలో పంజరములందు పెట్టి అమ్మునది వేరు. అది స్పెయిను ప్రాంతపు కుందేటి సంతతి. దాని పూర్వులు నేలలో సొరంగములు త్రవ్వుకొని గుంపులుగా నివసించినవి. వాని పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని, ఆ చీకటిలోనే పుట్టినవి. పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకొన్న కుందేలు మంచము క్రింద దూరి దుప్పటి అంచు చింపుచున్నప్పుడు, పరుపును ముందుకాళ్లతో గీరుచున్నప్పుడు, ఈ సొరంగముల సంగతి జ్ఞప్తికి తెచ్చుకొన్నచో పెద్దల కోపము సగము తగ్గును.

కుందేటిమీద వచ్చు ఫిర్యాదులలో మొదటిది కొరుకుట. దానికి 28 పండ్లు. అన్నియు చచ్చువరకు పెరుగుచునే యుండును. ముందరి పండ్లు సంవత్సరమునకు ఇంచుమించు 10 సెంటీమీటర్లు పెరుగును. అరుగుదల లేనిచో అవి వంకరలు తిరిగి నోటిని గాయపరచును. మేత తినలేక జంతువు కృశించును. కావున కొరుకుటను మాన్పింప జూచుట వ్యర్థము. ఏది కొరుకవలెనో నిర్ణయించుట మాత్రమే మన చేతిలోని పని. సొరంగమున త్రోవకడ్డమైన వేళ్లను కత్తిరించుట వాని వంశాచారము. రేడియో తీగయు, ఫోను చార్జరు తీగయు దాని కన్నులకు అట్టి వేళ్లే. ఒక్క కాటుతో తీగ తెగును. విద్యుత్తు ప్రవహించు తీగయైనచో కుందేటి ప్రాణమునకే ముప్పు. అందుచేత తీగలను గోడవెంట మూడడుగుల ఎత్తున నడిపించవలెను. అది వీలుకానిచోట గట్టి ప్లాస్టికు గొట్టములో దూర్చవలెను. కొరుకుటకు మల్బరీ కొమ్మలు, మందులు చల్లని మునగ రెమ్మలు, జిగురు కాగితము తీసివేసిన అట్టపెట్టెలు ఇచ్చినచో వానితోనే చాలసేపు కాలక్షేపము చేయును. కొట్టుటవలన ప్రయోజనము లేదు. తాను చేసిన పనికిని, పడిన దెబ్బకును గల సంబంధము దానికి తెలియదు. చేయి అనగా భయము మాత్రము నేర్చుకొనును.

కుందేలు పగటివేళ చాలభాగము నిద్రించి, తెల్లవారుజామునను, సంధ్యవేళను చురుకుగా నుండును. సాయంకాలపు వార్తలు వినుచు ఇంటివారు కూర్చుండు సమయమే దాని ఆటల సమయము. గాలిలోనికెగిరి ఒడలు మెలిపెట్టుట సంతోషమునకు గుర్తు. వెనుకకాలితో నేలను టపటప కొట్టుట అపాయ సూచన. ఒక్కొక్కప్పుడు అలుక కూడ. గడ్డమును కుర్చీకాళ్లకు రుద్దుట, ఆ కుర్చీ తనదని చాటుట. గడ్డము క్రింది గ్రంథులనుండి వచ్చు వాసన మనకు తెలియదు కాని మరియొక కుందేటికి తెలియును.

నాలుగైదు మాసముల వయస్సున, యౌవనము వచ్చునప్పుడు, అల్లరి మితిమీరును: మూత్రము చిమ్ముట, కాళ్ల చుట్టు తిరుగుట, కరచుట. చాలమంది కుందేటిని వదిలించుకొనజూచునది ఈ దశలోనే. పశువైద్యునిచేత శస్త్రచికిత్స చేయించినచో ఈ చేష్టలు చాలవరకు శమించును. ఆడదానికి గర్భాశయ పుట్టకురుపు వచ్చు ప్రమాదమును తప్పును. ఒంటరి కుందేటికంటె జంట మేలు. అయితే అమ్మువాడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు, రెండును ఆడవియే యని సాధించవచ్చును. పసితనమున ఆడమగలను గుర్తించుట కష్టము. పొరబడినచో ముప్పది దినములలో ఈనుట, ఈనిన దినముననే మరల చూలు దాల్చుట జరుగవచ్చును. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేటవినోదమునకై విడిచిన కొలది కుందేళ్ల సంతతి ఆ ఖండమున బహుభాగము నాక్రమించిన చరిత్ర ప్రసిద్ధము.

మలమూత్రములకు కుందేలు సాధారణముగా ఒక మూలనే ఎంచుకొనును. ఆ మూలనే వెడల్పాటి పళ్లెముంచి, వార్తాపత్రిక పరచి, పైన ఎండుగడ్డి వేయవలెను. గడ్డి నములుచు విసర్జించుట దాని అలవాటు గనుక అక్కడనే కూర్చుండును. మెత్తని గుత్తుల వంటి మలమును అది తిరిగి తినుట చూచి తల్లులు అసహ్యపడుదురు. అది రోగము కాదు. మేతలోని సారమును రెండవసారి గ్రహించు విధానము.

మేతలో అయిదింట నాలుగు పాళ్లు గడ్డియే యుండవలెను. మన పెరళ్లలోని గరికను కడిగి, నీడన ఆరబెట్టి యిచ్చుట శ్రేష్ఠము. వరిగడ్డి పరుపునకు మంచిది, పోషణకు చాలదు. కొత్తిమీర, కారెట్టు ఆకులు ఇవ్వవచ్చును. కారెట్టు దుంప తీపి వస్తువు గనుక చిన్నముక్క చాలును. అన్నము, బిస్కట్లు, ఉల్లి కూడవు.

మన వేసవి దీనికి శత్రువు. చెమట పట్టని జంతువు. ఒంటి వేడిని చెవుల ద్వారా వెలువరించును. 30 డిగ్రీలు దాటగనే బాధపడును. మే మాసమున మనకు 40 దాటుట వింత కాదు. నాపరాళ్లు పరచిన గది, వట్టివేళ్ల తడక, ప్రక్కకు దొరలించిన తడి మట్టికుండ ఎంతో ఉపకరించును. తడిగుడ్డతో చెవులు తుడువవచ్చును గాని నీట ముంచరాదు. నునుపు నేలపై కాళ్లు జారును గనుక తిరుగుచోట చాప వేయవలెను. ఎత్తుకొనునప్పుడు చెవులు పట్టి లేవనెత్తుట క్రూరము. ఒక చేయి రొమ్ము క్రింద, మరియొకటి పిరుదుల క్రింద నుంచవలెను. గింజుకొని విదిలించినచో దాని వెన్నెముకయే విరుగవచ్చును.

ఇన్ని అల్లరులు చేయు కుందేలు ఒకనాడు మూల చేరి కదలకున్నచో, బుద్ధి వచ్చినదని పిల్లలు సంతోషింతురు. భయపడవలసిన సమయ మదియే. వేటాడబడు జాతి గనుక రోగమును చివరివరకు దాచుకొనును. అర దినము మేత ముట్టక, మలము వేయక యున్నచో ప్రేవుల కదలిక నిలిచిపోవుచున్నదని అర్థము, తెల్లవారనిమ్మని వేచియుండరాదు. పండ్లు గట్టిగా నూరుచున్నచో నొప్పి యున్నదని తెలియవలెను. ఇంటిలోని మాత్రలు నోట వేయరాదు. పెన్సిలిను జాతి మందులు కడుపులోనికి పోయినచో ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి మరణము సంభవింపవచ్చును. కుక్కలకు పిడుదుల కొరకు చల్లు ఫిప్రోనిల్ దీనికి విషము. వైద్యశాలకు గొనిపోవునప్పుడు గాలియాడు బుట్టలో చాపముక్క వేసి, జత కుందేటిని గూడ ప్రక్కన కూర్చుండబెట్టి, పిడికెడు గరిక యుంచి, కుక్కలు కానరాకుండ పలుచని గుడ్డ కప్పవలెను.