మోటారుకారులో మరలమరల వెలుగు ఇంజనుదీపము: పెట్రోలు ఆవిరి దోషనిర్ణయము

మోటారుకారు నడపువారి యెదుట ఇంజను ఆకారములో పసుపువన్నె దీపమొకటి వెలుగుట కలదు. బండి యథాప్రకారముగానే నడచుచుండును. చప్పుడు లేదు, వేగము తగ్గదు. మెకానిక్కు స్కానరు తగిలించి దీపమును ఆర్పును. కొలదిదినములలో అది మరల వెలుగును. ఇట్టి సందర్భములలో తరచుగా దోషము ఇంజనునందు గాక, పెట్రోలు ఆవిరిని బంధించు ఏర్పాటునందుండును. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది పరిచితమైన చిక్కు. అచ్చట పెక్కు రాష్ట్రములలో పొగపరీక్షయందు నెగ్గనిదే రిజిస్ట్రేషను పునరుద్ధరణ జరుగదు. ఈ దీపము వెలుగుచుండగా ఆ పరీక్షలో నెగ్గుట కల్ల.

పెట్రోలు నిలిపియున్న బండిలో సయితము ఆవిరియగుచుండును. ఆ ఆవిరి గాలిలో కలిసి, సూర్యరశ్మివలన ఓజోను పుట్టుటకు హేతువగును. అందుచేత కాలిఫోర్నియాలో 1970 నమూనా బండ్లనుండియు, అమెరికా యంతట 1971 నుండియు ఆవిరిని బయటికి విడువరాదను నియమమేర్పడినది. ట్యాంకునుండి వచ్చు ఆవిరిని బొగ్గు నింపిన డబ్బీ పీల్చుకొనును. ఇంజను నడచునపుడు పర్జ్ వాల్వు తెరచుకొని, ఆ ఆవిరిని ఇంజనులోనికి లాగి మండించును. డబ్బీకి బయటిగాలి నిచ్చునది వెంట్ వాల్వు. మొదటిది సహజముగా మూసియుండును, రెండవది తెరచియుండును. ఈ భేదమును గుర్తుంచుకొనినచో తరువాతి పరీక్షలు సులభముగా బోధపడును.

1996 నమూనాలనుండి అమెరికాలో బండియందలి కంప్యూటరే ఈ ఏర్పాటును స్వయముగా పరీక్షింపవలసివచ్చినది. వెంట్ వాల్వును మూసి, ఇంజను పీల్పుచే ట్యాంకులో పీడనమును తగ్గించి, అది నిలుచునో లేదో చూచుట ఒక పద్ధతి. పంపు నుపయోగించు బండ్లును కలవు. మొదట 1 మిల్లీమీటరు రంధ్రమును, 2000 ప్రాంతపు నమూనాలనుండి అందులో సగపు రంధ్రమును పట్టవలెనని విధించిరి. ఇంత సూక్ష్మమైన పరీక్ష యెల్లవేళల సాగదు. ఇంజను చల్లగా నుండవలెను, ట్యాంకు మరీ నిండుగాను, మరీ ఖాళీగాను ఉండరాదు, బయటి ఉష్ణోగ్రతయు తగినంత యుండవలెను. సాధారణముగా రెండు పర్యాయములు దోషము కనబడిననే దీపము వెలుగును. ఆర్పిన దీపము కొన్ని దినములు ఊరకుండుటకు కారణమిదియే; అది స్వస్థత కాదు, పరీక్ష ఇంకను జరుగలేదన్నమాట.

కావున తొలుత కోడును చదివి వ్రాసికొనవలెను. పి0455 పెద్ద కారుటను, పి0442 చిన్నదానిని, పి0456 మిక్కిలి చిన్నదానిని తెలుపును. పి0441 పర్జ్ ప్రవాహదోషము. కోడు దోషస్థలమును వ్రేలుపెట్టి చూపదు. ఈ సంగతి నెరుగక వరుసగా భాగములు మార్చి ధనము వ్యయపరచుకొన్నవారు చాలమంది.

పెట్రోలు మూతను ముందుగా చూడవలెను. దాని రబ్బరువలయము పగిలినను, ఎండినను, ఆవిరి కారును. మూత సరిగా నున్నచో పర్జ్ వాల్వు వంతు. విద్యుత్తీగను ఊడదీసి ఊదినపుడు గాలి దాటినచో అది చెడినట్లే. పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్టగుటకు మొరాయించుట దీని ముఖ్యలక్షణము. వెంట్ వాల్వు పెక్కు బండ్లలో వెనుకభాగమున, దుమ్ము, బురద పడుచోటనుండును. 2011లో మాజ్దా కంపెనీ అమెరికాలో సుమారు 52,000 మాజ్దా6 బండ్లను వెనుకకు పిలిపించినది. వాని వెంట్ గొట్టములలో ఒక జాతి సాలెపురుగు గూడు కట్టి గాలి నడ్డగించుటయే కారణము! అట్లు గాలి యందక ట్యాంకు పగులు ప్రమాదముండెను.

ఇవన్నియు బాగున్నచో పొగయంత్రము శరణ్యము. స్వల్పపీడనముతో పొగను గొట్టములలోనికి పంపినపుడు అది యెచ్చట వెడలునో అచ్చటనే రంధ్రము. టైర్లకు గాలికొట్టు కంప్రెసరును ఇందుకు ఉపయోగింపరాదు. ట్యాంకు చెడును, అగ్నిభయమును గలదు.

డబ్బీ చెడుటకు మన అలవాటొకటి కారణమగుచున్నది. పెట్రోలుబంకులో గొట్టము తనంతట ఆగిన పిదప, సొమ్ము సరిసంఖ్య యగుటకై ఇంకను పోయింతురు. అట్లు ద్రవము డబ్బీలోనికి పొరలి బొగ్గును తడిపి పనికిరాకుండ చేయును. భారత స్టేజి 6 ప్రమాణములు 2020 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన మన దేశపు పెట్రోలు బండ్లయందును ఈ డబ్బీ కలదు. బెంగుళూరునను, షోలాపురమునను బంకులవద్ద ఈ మాట చెల్లును.

మరమ్మతు ముగిసిన పిదప కోడును చెరిపి మరునాడే పొగపరీక్షకు పోరాదు. చెరుపుటతో, బ్యాటరీ తీసివేసినను గూడ, కంప్యూటరు పూర్తిచేసిన పరీక్షలన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. కాలిఫోర్నియాలో 2000 నమూనానుండి పెట్రోలు బండ్లకు ఆవిరిపరీక్ష యొక్కటి మాత్రము అసంపూర్ణముగా నున్నను అంగీకరింతురు, తక్కినవి పూర్తికావలెను. కొన్ని దినములు ఉదయమున చల్లని ఇంజనుతో బయలుదేరి, సగము ట్యాంకుతో సామాన్యముగా నడిపినచో అవి తమంతట ముగియును.